మంత్రి గారూ, ముందు ఆరు మీటర్ల టేపు ఇప్పించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన బడిపంతులును. మా అమ్మకు 84 ఏళ్లు. రెండేళ్ల కిందటి వరకు తెల్లవారుతూనే పూలు కోసుకుని, కాలువ గట్టు మీదుగా గుడికి వెళ్లి, కాఫీ వేళకు ఇంట్లో ఉండేది. ఇప్పుడు కాఫీ చల్లారిపోయాక వస్తోంది. ఒకరోజు వెనకాలే నడిచి చూశాను. ఎదురైనవాళ్లు "బాగున్నారా పిన్నిగారూ" అంటే ఆగిపోతుంది. జవాబు చెప్పాకే మళ్లీ అడుగు వేస్తుంది. నడుస్తూ మాట్లాడటం ఆమె వల్ల కావడం లేదు.

డాక్టరు గారికి చూపిస్తే "వయసు మీద పడింది కదా" అని కాల్షియం మాత్రలు రాశారు. నా పంతులు బుద్ధి ఊరుకోలేదు. వసారాలో ఆరు మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దగీతలు గీసి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి నడవమన్నాను. "ఈ వయసులో నాకు పరుగు పందెమా" అని నవ్వుతూనే నడిచింది. తొమ్మిది సెకన్లు పట్టింది. సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువైతే నడక మందగించినట్టేనని ఆసియా దేశాల వైద్య నిపుణుల బృందం 2019లో చెప్పింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పట్టినా అంతే. అమ్మ మూడోసారికే కుర్చీ చెయ్యి పట్టుకుంది.

ఇది మా ఇంటి గోడు మాత్రమే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. నడక మందగించడం వెనుక మెదడు కూడా ఉండొచ్చు. ఆ మెదడు అరుగుదలను రక్తంలో పసిగట్టే పరీక్షలు వచ్చాయి. నరాల తంతువులకు లోపల వెన్నుదన్నుగా ఉండే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్, తంతువు దెబ్బతిన్నప్పుడు బయటికి కారి, కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. దాన్ని పికోగ్రాముల్లో కొలుస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత సూక్ష్మాన్ని కొలవగలగడం, నాలాంటి ఫిజిక్సువాడికి, నిజంగా ఒళ్లు పులకరించే సంగతి. ఈ ప్రొటీన్ ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో నడక వేగం, శరీర పటుత్వం తగ్గి ఉండటం కూడా పరిశోధనల్లో కనిపించింది. పి-టౌ 217 అనే మరో ప్రొటీన్ అల్జీమర్స్‌ను మరింత కచ్చితంగా పట్టిస్తుంది. దాన్ని అమిలాయిడ్ అనే ఇంకో ప్రొటీన్‌తో పోల్చి చూసే ఒక రక్తపరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మే నెలలో అనుమతి ఇచ్చింది. అది కూడా మతిమరుపు లక్షణాలతో వైద్యుల దగ్గరికి వచ్చినవారికే.

నా భయమంతా ఇక్కడే. రేపు ఎవరో ఒకరు ఊళ్లో షామియానా వేసి, "మీ మెదడు వయసు తెలుసుకోండి" అని అందరి రక్తం లాగుతారు. న్యూరోఫిలమెంట్ వయసుతో ఎలాగూ పెరుగుతుంది. కిడ్నీలు బలహీనపడినా పెరుగుతుంది, షుగరు వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. మా డెల్టాలో షుగరు బిళ్లల డబ్బా లేని ఇల్లు వెతకాలి. కిడ్నీ పరీక్ష చూడకుండా ఆ ఒక్క అంకె చేతిలో పెడితే, ముసలివాళ్లకు నిద్ర పట్టదు, పిల్లలకు అప్పు మిగులుతుంది.

అందుకే నేను అడిగేది ఇది. 104 వాహనం ఊరికి వచ్చిన రోజున బీపీ, షుగరు చూసినట్టే అరవై దాటినవారి నడక కూడా కొలిపించండి. టేపు, గడియారం, ఒక కుర్చీ చాలు. నడక మందగించి జ్ఞాపకం కూడా తగ్గినవారికి ముందు బి12 విటమిన్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించండి. వాటిలో కొన్ని మందులతో సరిదిద్దగలిగే లోపాలు. అప్పటికీ అనుమానం తీరకపోతేనే మెదడు రక్తపరీక్ష. అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వంటి చోట, న్యూరాలజిస్టు చీటీ మీద, ఉచితంగా జరగాలి. దాన్ని శిబిరాల్లో అమ్మడానికి వీల్లేదని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వండి. వ్యాపారం పాతుకున్నాక ఇస్తే కోర్టుల్లో నలుగుతుంది.

వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు మా వీధిలో గుమ్మం దాకా వస్తోంది. అదే గుమ్మంలో ఒక ఫిజియోథెరపిస్టు నెలకొకసారి కనబడితే, కుర్చీలోంచి లేవడం నేర్పితే, ఎందరు పడిపోకుండా ఉంటారో!

మా వసారాలో సుద్దగీతలు ఇంకా చెరపలేదు. ఈసారి వాహనం వచ్చినప్పుడు మీ సిబ్బందికి కొలత చూపించడానికి నేను సిద్ధం. అమ్మ కూడా సరేనంది, కాకపోతే కాఫీ తాగాకే నడుస్తానంది.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు