కుక్కతో కొండకెళ్లేవాళ్లు లీష్ వదలొద్దు

సంపాదకుడు గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి వైపు పల్లె, చాలా ఏళ్లుగా మాంచెస్టర్ దగ్గర ఉంటున్నాం, మీ పేపర్ రోజూ ఫోన్‌లోనే చదువుతా. ఈ మధ్య ఇక్కడ మనవాళ్లు చాలామంది కుక్కల్ని పెంచుకుంటున్నారు, సెలవురోజు వాటిని తీసుకుని పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి వస్తున్నారు, చూస్తే నిజంగా సంతోషంగా ఉంటుంది కానీ ఆ నేల ఎలాంటిదో వాళ్లకి ఎవరూ చెప్పట్లేదు, అందుకే రాస్తున్నా.

మేం ఎక్కువగా వెళ్లేది కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లే, మన తిరుమల కంటే తక్కువ. పైకెళ్తే కోసుగా శిఖరం ఏం ఉండదు, అంతా బల్లపరుపుగా నల్లటి పీట్ నేల. చచ్చిన నాచు, గడ్డి నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుని పేరుకుని అలా అయింది, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట, అంటే మీటరు లోతు మట్టి తయారవడానికి వెయ్యేళ్లు. మధ్యలో వాన కోసేసిన లోతు కాలవలుంటాయి, పొగమంచు పట్టిందంటే ఒక కాలవలోకి దిగి అటుపక్క ఎక్కేసరికి ఎటు నుంచి వచ్చామో తెలీదు.

నేను బురదలో పుట్టి పెరిగినదాన్నే. దమ్ము చేసిన మడిలో మోకాలి దాకా దిగినా కింద గట్టినేల తగులుతుంది, ఆ ధైర్యంతోనే నాటు వేస్తాం. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. స్ఫాగ్నమ్ అని ఒక నాచు, లేతపచ్చగా పరుపేసినట్టు ఉంటుంది, తన ఎండు బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది. మా లాబ్రడార్ బుజ్జి దాని మీద చక్కగా నడిచి వెళ్లిపోయింది, అది తేలిక, పైగా బరువు నాలుగు కాళ్ల మీదా పడుతుంది, నేను దాని వెనకే అడుగేసి తొడల దాకా దిగిపోయా. మా ఆయన పక్కనున్న గడ్డిదుబ్బు మీద బోర్లా పడుకుని కర్ర అందించి లాగారు. కుక్క వెళ్లింది కదా అని దాని దారిన పోవద్దు. ఈడేల్ అనే ఊరి నుంచి మొదలయ్యే పెన్నైన్ వే అనే పొడుగాటి నడకదారి మీద చాలాచోట్ల పాత నూలుమిల్లుల నుంచి తీసుకొచ్చిన రాతిపలకలు పరిచారు, అవి ఉన్నచోట వాటి మీదే నడవండి. కుక్కకి మెడపట్టీ కంటే వీపు మీద పిడి ఉన్న హార్నెస్ మంచిది, దిగబడితే మెడ పట్టి లాగాల్సిన పనుండదు.

అసలు చెప్పాలనుకున్నది లీష్ గురించి, అదే కుక్కని పట్టుకునే తాడు. ఇక్కడ గోల్డెన్ ప్లోవర్, కర్ల్యూ లాంటి పిట్టలు చెట్ల మీద కాదు, నేల మీదే గడ్డిలో గుడ్లు పెడతాయి. కుక్క కరవక్కర్లేదు, దగ్గరికి పరిగెత్తితే చాలు తల్లి లేచిపోతుంది, ఆ చలిగాలికి గుడ్లు చల్లబడిపోతాయి. ఒక ఏప్రిల్‌లో బుజ్జిని కాసేపే కదా అని వదిలా, నా కళ్ల ముందే ఒక పిట్ట లేచి మా చుట్టూ అరుస్తూ తిరిగింది, ఆ అరుపు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ తర్వాత మళ్లీ వదల్లేదు.

ఇక్కడ నడిచే హక్కు కూడా ఊరికే రాలేదు, 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మికులు ఇదే కొండ మీదకి అనుమతి లేకుండా నడిచారు, ఐదుగురు జైలుకెళ్లారు. ఇలాంటి కొండనేలల్లో దారి వదిలి కూడా తిరగొచ్చని 2000లో చట్టమే వచ్చింది. ఆ చట్టంలోనే ఉంది, మార్చి 1 నుంచి జులై 31 దాకా అలాంటి నేలలో కుక్కకి రెండు మీటర్లు మించని లీష్ ఉండాలి, గొర్రెల దగ్గరైతే ఏడాది పొడుగునా. హక్కు వాడుకుంటున్నప్పుడు ఈ షరతు కూడా మనదే.

ఇంకోటి, దయచేసి పైన బార్బెక్యూలు వెలిగించొద్దు, పీట్ అంటుకుంటే లోపల్లోపలే కాలుతుంది, 2018లో శాడిల్‌వర్త్ మూర్ కాలినప్పుడు ఆర్మీ రావాల్సొచ్చింది. ఆపదొస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ, అంటే కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే బృందం, కావాలని చెప్పండి, వచ్చేవాళ్లు జీతం లేని వాలంటీర్లు.

బ్రిటన్‌లో మీ పేపర్ చదివే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఈ రెండు మీటర్ల సంగతి ఫిబ్రవరి ఆఖరికల్లా ఒకసారి వేయండి సార్, మార్చి వస్తే పిట్టలు గూళ్లు మొదలుపెట్టేస్తాయి.

— ఒక పాఠకురాలు, మాంచెస్టర్