జిరాఫీ వారం: ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల ఇళ్లకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్ 21 ప్రపంచ జిరాఫీ దినం. మన వైపు ఏడాదిలో అన్నిటికంటే పొడుగు పగలు ఆ రోజే కాబట్టి పొడుగు మెడ జంతువుకు దాన్ని కేటాయించారు. ఆ వారం చిన్న తరగతుల్లో పాఠాలన్నీ జిరాఫీ చుట్టూ తిరుగుతాయి. బొమ్మ అందంగా రావాలని మేం చూడడం లేదు. పిల్లలు కొలవాలి, లెక్కపెట్టాలి, వేళ్లకు పని చెప్పాలి.

ముందు ఎత్తు. మగ జిరాఫీ 18 అడుగుల దాకా ఎదుగుతుంది. ఆ పొడవున పురికొస కత్తిరించి, అడుగుకొకటి చొప్పున రంగు గుడ్డ పీలికలు కట్టి, మేడ పిట్టగోడ మీంచి టీచర్లు కిందికి వదులుతారు. పురికొసకే ముడులు వేస్తే ఒక్కో ముడి కొంత పొడవు మింగేసి జిరాఫీ పొట్టిదైపోతుంది. ఊలు దారమైతే సాగుతుంది. గాలికి ఊగకుండా అడుగున ఇసుక మూట కడతాం, రాయి మాత్రం కట్టం.

తర్వాత అదే పురికొసను వరండాలో పరిచి పిల్లల్ని తల నుంచి కాళ్లదాకా వరుసగా పడుకోబెడతాం. మూడున్నర అడుగుల పిల్లలు ఐదుగురు దాదాపు సరిపోతారు. వేలాడదీయడం ముందు, పరచడం తర్వాత. నేల మీద మాత్రమే చూపిస్తే ఈ వయసువాళ్లకు అది పొడవే అవుతుంది, ఎత్తుగా తోచదు. పిల్లలు మధ్యలో ఖాళీలు వదిలేస్తే నలుగురితోనే పురికొస అయిపోతుంది. రెండు తరగతులకు రెండు జవాబులు వస్తాయి. రానివ్వండి, కొలతల పాఠం అసలు మొదలయ్యేది అక్కడే.

ఇంటి దగ్గర మీరు చేయవలసిందీ ఇలాంటిదే. అప్పుడే పుట్టిన జిరాఫీ పిల్ల సుమారు 6 అడుగులుంటుంది. ద్వారబంధం మీద 6 అడుగుల దగ్గర సుద్దతో గీత గీసి, నాన్ననో మామయ్యనో పక్కన నిలబెట్టి ఎవరు పొడుగో పిల్లల్నే చెప్పమనండి.

మెడలో మనకు 7 ఎముకలు, జిరాఫీకీ ఏడే. దాని ఎముక ఒక్కొక్కటి సుమారు 10 అంగుళాలు ఉండడమే తేడా. పాత వార్తాపత్రికలను 10 అంగుళాల గొట్టాలుగా చుట్టి ఏడింటిని తాడుకు గుచ్చితే మెడ ఆరడుగులకు దగ్గరవుతుంది. మన మెడకు 7 సీసా మూతలు చాలు. కాగితం కప్పులతో చేయొచ్చు కదా అనిపిస్తుంది గానీ, అవి ఒకదాంట్లో ఒకటి దూరిపోయి మెడ జానెడవుతుంది. మూతలకు చిల్లులు టీచర్లే పెడతారు. ఇంట్లో మూడేళ్ల లోపు చంటిబిడ్డ ఉంటే ఆ దండను అందనివ్వకండి.

మచ్చలకు పుస్తకాల అట్టల గోధుమరంగు కాగితాన్ని కత్తెర లేకుండా వేళ్లతోనే చింపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ అక్కడ వచ్చే పట్టే రేపు పెన్సిల్ పట్టుకునేది. జిగురుకు రెండు చెంచాల మైదాను కప్పు చన్నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పాలి. వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. పోస్టర్లు అంటించే జిగురులో వేసే మైలుతుత్తం ఇందులో వేయకూడదు, అది విషం. అది లేనందువల్ల ఈ జిగురు మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. మచ్చకూ మచ్చకూ మధ్య వేలెడు సందు వదలమని చెబుతాం. చెప్పినా ఒకదాని మీద ఒకటి అంటిస్తారు, ఫరవాలేదు. గోధుమ పడని పిల్లలుంటే డైరీలో రాసి పంపండి.

జిరాఫీ నాలుక దాదాపు 18 అంగుళాలు, నల్లగా ఊదాగా ఉంటుంది. దానితో ముళ్ల మధ్య నుంచి ఆకులు లాక్కుంటుంది. అది తినే ఆఫ్రికా చెట్లలో కొన్ని మన తుమ్మకు దగ్గరి చుట్టాలే. మేం నాలుకకు బదులు బట్టల క్లిప్పు ఇచ్చి దారానికి కట్టిన వేపాకులు కోయిస్తాం. కొత్త క్లిప్పు బిగుతుగా ఉండి పిల్లలు రెండు చేతులతో నొక్కుతారు, ఆ పట్టు పనికిరాదు. వాడి వాడి వదులైనవే కావాలి.

అక్షరాల్లో ‘జ’ మాత్రమే. జింక, జీలకర్ర, జీడిపప్పు జిరాఫీతో కలుస్తాయి. జడ, జొన్న మాటల్లో జ వేరేగా పలుకుతుంది కనుక అవి వచ్చే నెలకు. ‘ఫ’ జోలికి ఇప్పుడే వెళ్లం, ఇంట్లో కూడా ‘జిరాఫీ’ మొత్తం రాయించకండి.

ఆ రోజే యోగా దినం కూడా. జిరాఫీ నీళ్లు తాగేటప్పుడు ముందు కాళ్లు ఎడంగా చాపుతుంది, ఎందుకంటే అంత మెడా నేలకు అందదు. పిల్లలు కాళ్లు ఎడం చేసి వంగి నేల మీది బంతి తీయాలి. మేజోళ్లతో నున్నటి బండల మీద జారతారు, ఆ పూట చెప్పులతో పంపండి.

జూన్ 17 లోపు పంపవలసినవి: పాత వార్తాపత్రికలు నాలుగు, సీసా మూతలు 7, వదులైన బట్టల క్లిప్పు ఒకటి, అరచేతి వెడల్పు గోధుమరంగు కాగితం. దుకాణంలో జిరాఫీ ముసుగులు కొనకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు