అతుక్కున్న వేళ్లు, ఎర్ర కామెట్: డిసెంబర్ వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం నుంచి క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫొటో సంగతి ముందు చెప్తాను. ఎనిమిదో తరగతి బాబుకు బొటనవేలు, చూపుడువేలు అతుక్కున్న మాట నిజమే. ఇంకో అమ్మాయి చేతి మీద శనగగింజంత బొబ్బ వచ్చిన మాటా నిజమే. "పిల్లల మీద యాసిడ్ పడ్డదంట" అన్నది మాత్రం అబద్ధం.

వర్క్ ఎడ్యుకేషన్ పీరియడ్‌లో పిల్లలు పాత రేసు విమానం నమూనా కడుతున్నారు. బాల్సా అనే చాలా తేలికైన చెక్కను అతకడానికి మేమిచ్చింది తెల్ల గమ్. అది గట్టిపడాలంటే రాత్రంతా ఆగాలి. "అంతసేపు దేనికి బిడ్డా" అని ఒక ఇంట్లో జేబులో క్షణాల్లో అతికే క్విక్ గమ్ పెట్టి పంపారు. బాల్సా స్పాంజి లాంటిది. పల్చటి గమ్ చుక్క పైన వేస్తే క్షణాల్లో కింద తేలుతుంది, అక్కడ పట్టుకున్న వేళ్లు పట్టుకున్నట్టే అతుక్కుంటాయి. పక్కనున్న అమ్మాయి సాయం చేద్దామని నూలు కర్చీఫ్‌తో తుడిచింది. ఈ గమ్‌కు నూలు బట్ట తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది. బొబ్బ ఆ వేడికే వచ్చింది. మా టీచర్ వేళ్లను గుంజలేదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెల్లగా దొర్లించి విడదీశారు. బొబ్బ మీద చల్లని నీళ్లు పోసి డాక్టరుకు చూపించారు. సోమవారం ఇద్దరూ స్లిప్ టెస్ట్ రాశారు. ఇకమీదట సోమవారం పొద్దున బ్యాగులు చూసి లోపలికి పంపుతాం, దయచేసి నొచ్చుకోకండి.

"టెన్త్‌కు పనికిరాని విమానాలు ఎందుకు, ఆ పీరియడ్ లెక్కలకు ఇవ్వండి" అని ముగ్గురు రాశారు. ఇవ్వను. అది లెక్కల పీరియడే, కాకపోతే తప్పు చేస్తే మార్కులు పోవు, రెక్క విరుగుతుంది. పిల్లలు ఎంచుకున్నది డి హావిలాండ్ అనే ఇంగ్లండ్ కంపెనీ కట్టిన కామెట్ అనే రేసు విమానం. 1934 అక్టోబర్ 20న ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు రేసు మొదలైంది. దూరం దాదాపు 18,000 కిలోమీటర్లు. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే పైలట్లిద్దరూ ఎర్ర కామెట్‌లో దాదాపు 71 గంటల్లో చేరి గెలిచారు. ఆ దారిలో తప్పనిసరిగా దిగాల్సిన చోట్లలో మన అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) ఒకటి. నల్ల కామెట్‌లో వచ్చిన మోలిసన్ దంపతులు జబల్‌పూర్‌లో విమానం పెట్రోలు దొరక్క బస్సు కంపెనీ పెట్రోలు పోయించుకున్నారు. దాంతో ఇంజన్లు చెడి అలహాబాద్‌లోనే రేసు వదులుకున్నారు. "ఆర్టీసీ డిపోల పోయించుకుంటే ఎట్లుంటుండె సార్?" అని ఒక పిల్లవాడు అడిగితే ఆక్టేన్ (పెట్రోలు నాణ్యత చెప్పే అంకె) మీద నలభై నిమిషాలు పాఠం నడిచింది. కామెట్ ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని ఎగరబోయే ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టి సరిచేసేవాళ్లని తెలిశాక క్లాసును ఆపడం ఎవరి వల్లా కాలేదు.

అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 13.41 మీటర్లు. ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే 67 సెంటీమీటర్లు. పొడవు 44. బరువు కూడా ఇరవయ్యో వంతే అని క్లాసు మొత్తం రాసింది, ఏడో తరగతి నుంచి వచ్చి కూర్చునే ఒక అమ్మాయి తప్ప. పొడవు 20 రెట్లు తగ్గితే రెక్క వైశాల్యం 400 రెట్లు, బరువు 8,000 రెట్లు తగ్గుతుందని బోర్డు మీద వేసి చూపించింది. పెట్రోలు నింపిన అసలు విమానం సుమారు 2,500 కిలోలు కాబట్టి నమూనా 310 గ్రాములు. అంత బరువుంటే చేత్తో విసిరినప్పుడు రాయిలా పడుతుంది, అందుకే వంద గ్రాములు దాటొద్దని పెట్టుకుని 96 దగ్గర ఆపారు. ఆ పాప పేరు రాయడం లేదు, ఇంటికొచ్చి అడిగితే చెప్తాను.

రెక్క లోపలి అడ్డపట్టీలకు, అంటే పక్కటెముకలకు, ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా వాడారు. బ్లేడును ఒక్కసారే అదిమితే చెక్క చీలుతుంది, అందుకే తేలిగ్గా రెండు మూడుసార్లు గీస్తారు. తెల్ల గమ్‌లో నీళ్లుంటాయి. పల్చటి చెక్కకు ఒకవైపే పూస్తే అప్పడంలా వంగుతుంది, తెల్లారేదాకా గుండుసూదులతో బోర్డుకు బిగించాల్సిందే. పైన పతంగి కాగితం. కామెట్ రెక్క కొసలకు బాగా సన్నబడుతుంది కాబట్టి వేగం తగ్గగానే ఒక కొస జారి విమానం తిరగబడుతుంది. అసలు దానికీ ఈ గుణం ఉండేది. అందుకని రెండు కొసల్లోనూ వెనకంచును రెండు మిల్లీమీటర్లు పైకి తిప్పి అతికారు. రెక్క సగటు వెడల్పులో నాలుగో వంతు దగ్గర వేళ్ల మీద నిలబెడితే విమానం అటూ ఇటూ ఒరగకుండా ఉండాలి. విసిరాక ముక్కు లేపి, ఆగి, దబ్బున పడితే తోక బరువెక్కువైనట్టు. ముక్కులో రెండేసి గ్రాముల వాషర్లు వేసుకుంటూ పోవాలి.

ఈ పనంతా పిల్లలది. అయినా కుడి రెక్క ఇంటికెళ్లి రాత్రికి రాత్రి ఉప్పుకాగితంతో అద్దంలా తయారై వచ్చింది, ఎడమ దానికంటే ఆరు గ్రాములు తక్కువగా. ఆ నాన్నగారి శ్రద్ధకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇద్దరు పిల్లలు మూడు రోజులు కూర్చుని కొత్త రెక్క కట్టారు. ఇంకొకరు షాపులో కొన్న ప్లాస్టిక్ విమానం పంపి "మావోడే చేసిండు" అన్నారు. దాని మీద ధర స్టిక్కర్ ఇంకా ఉంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసిన పిల్లల చేతికి బ్లేడు ఇవ్వడానికి మాకు భయంగా ఉంటుంది, ఆ సంగతీ మీ చెవిన వేస్తున్నాను.

టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా)లో పేరు, పుట్టిన తేదీ చూసి శుక్రవారంలోగా సంతకం చేయండి. ఫీజు బాకీలు, బస్సు పాసులు ఆఫీసులో అడగండి.

వచ్చే శనివారం పొద్దున ఏడున్నరకు, గాలి లేవకముందే, గ్రౌండ్‌లో కామెట్‌ను విసురుతారు. పాత 8 మిల్లీమీటర్ల వాషర్లు ఇంట్లో ఉంటే పంపండి. నాన్నలు వచ్చి చూడొచ్చు, విమానాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ