ఖాజాగూడ గుట్టలపై సిమెంటు వద్దు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీద అందరూ నడిచేలా దారి వేయాలి. అయితే బండలు పగలగొట్టి సిమెంటు పోసే పని మాత్రం వద్దు. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, పేల్చేస్తే మళ్లీ రాదు. గుడికీ దర్గాకూ వెళ్లేవాళ్ల అడుగులతో పడిన కాలిబాటలు ఉండనే ఉన్నాయి, వాటినే కలిపితే చాలు. వానాకాలంలో నీళ్లు ఏ వాలున జారుతున్నాయో, ఏ గుంటలో నిలుస్తున్నాయో ఇంజినీర్లు స్వయంగా వచ్చి చూడాలి. నీటికి అడ్డంగా మెట్టు కడితే కింద మట్టంతా కోసుకుపోతుంది. బండ సందుల్లో మొలిచిన సీతాఫలం చెట్లను పీకొద్దు, అక్కడ నీడంటే అవే. అన్నిటికంటే ముందు గుట్ట హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాలి, ఆ తర్వాతే టెండరు పిలవాలి. హద్దు తేలకుండా దారి వేస్తే కబ్జాదారుల లారీలకు మనమే బాట వేసినట్టవుతుంది.

– ఒక పాఠకురాలు, మణికొండ, హైదరాబాద్