బుజ్జి బరువు ఆరు టన్నులు

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. ఇక్కడ ముసురు పట్టింది. ఆటోనగర్ రోడ్ల మీద గుంటలన్నీ నిండిపోయాయి, షెడ్డులో రెండ్రోజులుగా వెల్డింగ్ పని ఆగింది. ఇవాళ తీరిక దొరికింది కాబట్టి తీరిగ్గానే రాస్తున్నా. ప్రభాస్ సినిమా ‘కల్కి 2898 ఏడీ’ ఎట్లా ఉంది, పిల్లల్ని తీసుకెళ్లనా అని అడిగావు. తీసుకెళ్లు, పెద్ద తెర మీదే చూపించు. ఇక మనిద్దరం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి జూన్ 27నే, విడుదలైన రోజు, మా షెడ్డు కుర్రాళ్ళతో గాంధీనగర్‌లో. రెండోసారి మొన్న నాన్నతో.

ముందు బండి సంగతి. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా అదే మాట. ప్రభాస్ నడిపే బండి పేరు బుజ్జి, దానికి గొంతు కీర్తి సురేష్‌ది. ఉత్త గ్రాఫిక్స్ అనుకుంటావేమో, కాదురా. మహీంద్రా వాళ్ళూ కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళూ కలిసి నిజంగానే కట్టారు. ఆరు టన్నులు. ముందు రెండు చక్రాలు, వెనకాల బంతిలాంటి చక్రం ఒకే ఒక్కటి! ఇరవై ఏళ్ళుగా లారీలకి బాడీలు కడుతున్నాను కదా, ఆ వెనక చక్రం చూసి ఒళ్ళు జలదరించింది. వెనక లోడంతా ఒక్క చక్రం మీద మోపి మలుపు తిప్పాలంటే ఎంత లెక్క కుదరాలో ఆలోచించు. బరువున్న బండికి బ్రేకు కొడితే ముక్కు కిందికి దిగాలి, మలుపులో ఒళ్ళు బయటికి ఒరగాలి, గుంటలో పడితే కమాన్ కట్టల స్ప్రింగులు మూలగాలి. నేల మీద పరిగెత్తే షాట్లలో బుజ్జి బరువు నా కంటికి ఆనింది. అందుకే నమ్మాను.

మిగతా సినిమా అంతా ఆ కన్నుతోనే చూశాను. నచ్చింది ఎందుకు నచ్చిందో, నచ్చనిది ఎందుకు నచ్చలేదో అక్కడే తెలిసింది.

అశ్వత్థామని చూడాలిరా నువ్వు. ఆ వేషం వేసిన అమితాబ్‌కి సినిమా వచ్చేనాటికి 81 ఏళ్ళు. మామూలు మనిషికంటే బాగా ఎత్తుగా చూపించారు, అదంతా మాయే. అయినా లేచి నిలబడే తీరులో వేల ఏళ్ళు చావు లేకుండా బతికినవాడి అలసట ఉంది. దెబ్బ నిదానంగా లేస్తుంది, తగిలేటప్పుడు మాత్రం కొండ విరిగి పడ్డట్టే. మొదట్లో కురుక్షేత్రం, ఉత్తర కడుపులో బిడ్డ మీదికి అస్త్రం వేసిన పాపం, కృష్ణుడి శాపం, నుదుటి మీద మణి పోయిన పుండు. అక్కడ అమితాబ్‌ని పడుచువాణ్ణి చేసిన పని కొంచెం మైనం పూసినట్టుంది, అది ఒప్పుకోవాలి. కృష్ణుడి ముఖం చూపించకపోవడం మాత్రం గొప్ప ఆలోచన. ఈ సినిమా తీసిన వైజయంతీ వాళ్ళ బొమ్మ మొదలయ్యేదే కృష్ణుడి వేషంలో ఉన్న ఎన్టీఆర్‌తో. ఆ ముఖం చూశాక ఇంకో ముఖం మన మనసుకి ఎక్కడ ఆనుతుంది? టైటిల్‌లో 2898కి కూడా లెక్క ఉంది. కలియుగం మొదలైందంటున్న క్రీస్తుపూర్వం 3102 నుంచి దాదాపు ఆరు వేల ఏళ్ళు.

మొదటి సగం సాగింది. కాశీలో భైరవగా ప్రభాస్ అల్లరి, అప్పులు, ఇంటి ఓనరుగా బ్రహ్మానందంతో హాస్యం, అన్నీ కొంచెం కొంచెం ఎక్కువయ్యాయి. రాజమౌళి కనపడగానే ఈలలు, రామ్‌గోపాల్ వర్మ కనపడగానే ఈలలు. మొదటిరోజు నేనూ వేశాను. రెండోసారి చూస్తే ప్రతి అతిథి దగ్గరా కథ బండి ఆపి దిగినట్టే ఉంది. నాకు ఇంతకంటే బాధ కలిగించింది సుమతి పాత్ర. దీపిక కడుపులో ఉన్న బిడ్డ చుట్టూనే కథంతా తిరుగుతుంది, ఆమె మనసులో ఏముందో మాత్రం రెండు మాటల్లో తేల్చేశారు. నిప్పుల్లోంచి నడిచొచ్చే సీను చూశాక ఈ మనిషి గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది, తెలియనివ్వలేదు.

ఇక రహస్య నగరం శంబలలో యుద్ధం. బాగా ఖర్చయిందని తెలుస్తూనే ఉంది. కానీ అక్కడ గాల్లో తిరిగే వాహనాలకి నాకు బరువు కనపడలేదు సుబ్బూ. ఇనుముకి ఇనుము తగిలితే సొట్ట పడాలి, జాయింటు ఊడాలి, ఆ ఊపుకి లోపలున్నవాడు కదిలిపోవాలి. మెరుపులూ పేలుళ్ళూ ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి ఎవరు ఎవర్ని కొడుతున్నారో కొన్నిచోట్ల రెండోసారి కూడా అందలేదు. దానికి తోడు మేం చూసిన హాల్లో సౌండు ఎంత పెంచారంటే మాటలు మింగేసింది. అందులోనే అశ్వత్థామా భైరవా ఎదురుపడగానే మళ్ళీ అంతా నిలబడింది. చివర ఏమవుతుందో చెప్పను, నువ్వే చూడు.

నాన్న ఏమన్నాడో చెప్పాలి. ఆయన దృష్టిలో మాయ అంటే మాయాబజారే. ఈ సినిమా రాసేటప్పుడు సింగీతం శ్రీనివాసరావు గారు పెద్దదిక్కుగా ఉన్నారనీ, ఆయన మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడనీ, 1991లో ‘ఆదిత్య 369’ తీసింది ఆయనేననీ చెప్పాను. దాంతో నాన్న కుదురుగా కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో టీ తాగుతూ, “లడ్లు గాల్లో ఎగరడం కాదురా, ఎగిరొచ్చిన లడ్డు నోట్లో పడ్డాక రంగారావు బుగ్గ ఉబ్బింది చూడు, అదీ మాయ” అన్నాడు. 1957 నాటి పని అది. నేను ఇంతసేపు బరువు, సొట్ట అని రాసిందంతా ఆయన ఒక్క బుగ్గలో చెప్పేశాడు.

ఆయన్ని కదిలించింది మాత్రం ఫైటింగులు కావు, ఎండిపోయిన గంగ. నాయనమ్మ అస్థికలు కాశీలో కలిపొచ్చినవాడు కదా. తెర మీద అడుగున ఇసుక చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆట అయ్యాక తాడేపల్లి వస్తూ బ్యారేజీ మీద బండి ఆపమన్నాడు. వాన తుంపర పడుతోంది. కాసేపు కృష్ణ వంక చూసి, పద అన్నాడు. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ మాట్లాడలేదు. ఒక పెద్దాయనకి నది గురించి అంత బెంగ పుట్టించగలిగిందంటే ఆ గ్రాఫిక్స్ చేసినవాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు.

వచ్చే ఆదివారం మీ ఊళ్ళో తెలుగులోనే ఆట దొరికితే చూడు, పాపని మధ్యలో కూర్చోబెట్టుకో. నువ్వు ఫ్యాక్టరీలో సస్పెన్షన్ పనే చూస్తావు కాబట్టి నాకో సాయం చెయ్యి. ఆ వెనక చక్రం అన్ని వైపులా ఎట్లా తిరుగుతుందో, దాని బరువు ఎక్కడ మోస్తుందో బొమ్మ గీసి పంపు. మా కుర్రాళ్ళు సుద్దముక్కతో షెడ్డు నేలంతా గీసి చూశారు, ఎవరికీ కుదరలేదు.

నీ
రాము