తలుపులు ఎత్తేదెవరు?

సంపాదకుడు గారికి,

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు (నీటిని ఆపి, వదిలే తలుపుల కట్టడాలు) కట్టేస్తే కొల్లేరు కష్టాలు గట్టెక్కినట్టేనని పోయిన వారం అధికారుల మాటగా రాశారు. ఇలాంటి మాటలు వరదల సమస్య మీద వేసిన 1964 నాటి మిత్రా కమిటీ కాలం నుంచీ వింటూనే ఉన్నాం.

రెగ్యులేటర్ వద్దని నేననను. కొల్లేటి నీరు సముద్రంలో కలవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. దానికి తలుపుల్లేకనే వానలు వెనకబట్టగానే నీరంతా దిగిపోతుంది, ఎండాకాలం సముద్రపు పోటుకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. తలుపులు దించితే మంచినీరు నిలుస్తుంది, నిజమే. మరి వరద రోజున ఒక్క పూట ఆలస్యంగా ఎత్తితే? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వాగులన్నీ వచ్చి పడేది మా నెత్తినే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు తర్వాత ఎక్కడికొచ్చాయో కొల్లేటి లంక ఊళ్లను అడగండి.

ఏ మట్టం దగ్గర దించాలి, ఎప్పుడు ఎత్తాలి? చేపల చెరువులాయనకి ఒక మట్టం కావాలి, వరి రైతుకి మరొకటి. ఏడాది పొడవునా నిండుగా ఆపితే బురదలో ఏరుకు తినే పిట్టలకు దిగే చోటుండదు. పోటుతో ఎక్కొచ్చే రొయ్యపిల్లకి దారుండదు. పాపం, వాటికి ఓట్లు లేవు!

మా ఊరి మురుగుకాల్వ తూముకీ ఒక షట్టర్ ఉంది. స్క్రూ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, తిప్పే హ్యాండిల్ ఏ పాత ఇనప కొట్టుకి చేరిందో తెలియదు. అర్జీ ఇస్తే మా పరిధి కాదన్నారు. పక్క ఆఫీసులో షట్టర్లు ఎత్తి దించే లస్కరు పోస్టు ఖాళీ అన్నారు. అది ఎత్తలేనివాళ్లు ఉప్పుటేరు తలుపులు వేళకి ఎత్తుతారని నమ్మాలి!

కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు వైపు సాగే పెదయడ్లగాడి వంతెన ఖానాలకు గుర్రపుడెక్క అడ్డం పడ్డాక, ఊళ్లలోకి నీళ్లొచ్చాక పొక్లెయిన్ వస్తుంది. వెనకాలే నాయకులు, కెమెరాలు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు అన్నారు, 2006లో కొల్లేట్లో వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు మళ్లీ లేచాయి. ఎవరి అండతో లేచాయో కొల్లేట్లో చిన్నపిల్లాడికీ తెలుసు. నీళ్లు ఉప్పుటేరుదాకా నడవడానికే సందు లేనప్పుడు అక్కడ ఎన్ని తలుపులు పెడితే ఏం?

టెండర్ల మాట తర్వాత. ఏ నెలలో ఎంత మట్టం ఉంచుతారో, తలుపులకు జవాబుదారీ ఏ ఇంజనీరో ముందు పంచాయతీ గోడల మీద రాయించమనండి. మీ విలేకరి కూడా ఈసారి ఏసీ గదిలో కాక వంతెన మీద నిలబడి అధికారులను అడిగితే సంతోషిస్తాం.

– ఒక పాఠకుడు, కైకలూరు