జవాబు అనుబంధంలో, చూర్ణం క్లాసిఫైడ్స్‌లో

సంపాదకుడు గారికి,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో హస్తప్రయోగం గురించి ఒక డాక్టరుగారి జవాబు వేశారు. దానివల్ల నరాలు చచ్చుబడవు, కళ్లు పోవు, పిల్లలు పుట్టకుండా పోరు అని ఆయన నాలుగు ముక్కల్లో చక్కగా చెప్పారు. ఆ తర్వాత వారం పాటు మీ ఉత్తరాల శీర్షిక నిండా తిట్లే. పిల్లలున్న ఇంట్లో చదివే పేపరేనా ఇది, కుర్రాళ్లను చెడగొడుతున్నారు, అదీ ఇదీ అని. సరే, ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ తిట్టినవాళ్లలో ఒక్కరికైనా అదే రోజు అదే పేపర్లో క్లాసిఫైడ్స్ పేజీ కంటికి ఆనలేదా? చిన్ననాటి చెడు అలవాట్లు, నరాల బలహీనత, 21 రోజుల్లో గ్యారంటీ, ప్రతి నెలా మొదటి ఆదివారం బస్టాండు ఎదురు లాడ్జిలో సంప్రదించండి, వివరాలు గోప్యం. దానిమీద ఒక్కరూ ఉత్తరం రాయలేదు. అందుకే ఆలస్యమైనా నేను రాస్తున్నాను.

ముప్పై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి, చివరికి గొంతు తగ్గించి "అంకుల్, నీరసానికి ఏదైనా టానిక్" అని అడిగే కుర్రాళ్లు నాకు కొత్త కాదు. కాసేపు కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. ఒకడైతే డిగ్రీ పరీక్ష ఫీజు డబ్బులు పట్టుకెళ్లి లాడ్జి డాక్టరు చేతిలో పోసొచ్చాడు. వాడు తెచ్చిన డబ్బా మీద మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు. ఇంతకీ వాడి జబ్బేమిటయ్యా అంటే రాత్రి నిద్రలో స్ఖలనం కావడం! ఆ వయసులో అది మామూలేనని వాడికి చెప్పినవాళ్లే లేరు.

వంద చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అని మనవాళ్ల లెక్కొకటి ఉంది కదా. ఒకసారికి వచ్చేది రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. ఆ లెక్క నిజమైతే ఒక్కోసారి అర లీటరు దాకా రక్తం ఖర్చవ్వాలి. ఒంట్లో ఉన్నదే సుమారు ఐదు లీటర్లు, అంటే పదిసార్లకు కుర్రాడు గోడ మీద దండ వేసిన ఫోటో అయిపోవాలి. అసలు అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి ఊరించే ద్రవమే, ఖర్చయ్యేకొద్దీ మళ్లీ ఊరుతూనే ఉంటుంది. నీరసం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం అబద్ధమని నేననను, అవి నిజంగానే వస్తాయి. అయితే అవి ఆ అలవాటు వల్ల వచ్చినవి కావు, భయం వల్ల వచ్చినవి. ఈ భయానికి 1960లోనే మన దేశపు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇదంతా మన సంస్కృతే అనుకునేవాళ్లకు ఇంకో మాట, యూరప్‌లో ఈ భయాన్ని ఊరూరా ఎక్కించినవాడు టిస్సో అనే స్విస్ డాక్టరు, 18వ శతాబ్దంలో.

పాపమా కాదా అంటారా, అది మీ గురువుగారినో ఫాదర్‌నో మౌల్వీగారినో అడగండి. నేనూ ఏటా అయ్యప్ప మాల వేసేవాణ్ణే, ఆ నలభై ఒక్క రోజులూ నియమం తప్పను. కానీ అది దీక్ష. మాల తీసేసినవాడికి రోగం వచ్చిందని ఎవరూ అనరు కదా! రోజంతా అదే ధ్యాసై చదువూ పనీ పాడవుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పుకోవాల్సిందే, ఆ మాటకొస్తే పేకాటైనా అంతే.

నాకు అంతకన్నా భయం వేసేది పెద్దవాళ్ల సంగతి. అంగస్తంభన సరిగా లేకపోవడం షుగరుకో గుండె జబ్బుకో ముందస్తు గుర్తు కావచ్చు. మా వీధిలోనే ఒకాయన చిన్నప్పటి తప్పుల ఫలితమని నమ్మి రెండేళ్లు చూర్ణం మింగాడు. చివరికి పరీక్ష చేయిస్తే షుగరు మూడు వందలు దాటి ఉంది. పైగా మూలికల పేరుతో అమ్మే ఇలాంటి వాటిలో సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, కలుపుతున్న సంగతి చాలాసార్లు బయటపడింది. గుండెకు నైట్రేట్ మాత్ర వాడేవాడు అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

దీనికి చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది, 1954 నాటిది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. లైంగిక శక్తి పెంచుతామని మందుకు ప్రకటన ఇవ్వకూడదు. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో నరాల బలహీనత కూడా ఉంది. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు. ఇచ్చినవాడే కాదండోయ్, ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకున్నవాళ్లూ బాధ్యులే. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో మాకు బాధ్యత లేదని వేసుకుంటే సరిపోతుందా మరి?

ఇక అధికారులు. నా షాపులో ఫ్రిజ్ టెంపరేచర్ రెండు డిగ్రీలు తేడా వస్తే నోటీసు, బిల్లు బుక్కులో సంతకం లేకపోతే నోటీసు. వద్దనను, ఉండాల్సిందే. కానీ ఆ లాడ్జి మెట్లెక్కడానికి ఎవరికీ తీరిక దొరకదు. రైల్వే గేటు నుంచి మున్సిపల్ ఆఫీసు గోడ దాకా ఇవే రాతలు, చెత్త వేయరాదు అన్న బోర్డు మీద కూడా! బళ్లో పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి మా మాస్టారు ఇంట్లో చదువుకోండి అన్నారు. మా అబ్బాయికీ అదే మాట, ఇప్పుడు మనవడికీ అదే. ఇంట్లో ఎవరు చెబుతారు, నాన్న చెబుతాడా? ఆడపిల్లలకైతే ఆ మాత్రం అడగడానికి మందుల షాపు కూడా లేదు. మనసు కుదురుగా లేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు ఏ గోడ మీదా నేను చూడలేదు.

ఆ లాడ్జి ప్రకటన మొన్న ఆదివారం కూడా మీ పేపర్లో వచ్చింది. కత్తిరించి దాచాను. వచ్చే నెల మళ్లీ కనిపిస్తే రెండు కటింగులూ కలిపి డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారికి స్పీడ్ పోస్టులో పంపుతాను, ఒక కాపీ మీకు.

— ఒక మందుల షాపు యజమాని, తాడేపల్లిగూడెం